సారథ్యం

ఒంటరిగా ఆడే ఆటలు కొన్ని, జంటగా ఆడే ఆటలు కొన్ని. పరుగుపందెంలో ఓడినవాడు తన ఓటమిని తానొక్కడే మోసుకొని ఇంటికి పోతాడు. బ్యాడ్మింటన్ డబుల్స్‌లోనో, టెన్నిస్ డబుల్స్‌లోనో, చివరకు ఇంటి అరుగుమీద ఆడే క్యారమ్స్‌లోనో పరిస్థితి అది కాదు. అక్కడ ఒకరి పొరపాటుకు ఇద్దరూ మూల్యం చెల్లించాలి. 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు గల బ్యాడ్మింటన్ కోర్టులో వలకు ఇవతలి సగభాగాన్ని ఇద్దరు కలిసి కాపాడుకోవాలి. వారిలో ఒకరి మనస్సు ఆటనుండి తొలగితే ఆ సంగతి ప్రేక్షకులకంటె ముందు ప్రత్యర్థులు పసిగడతారు. ఇక అక్కడినుండి షటిల్ పదేపదే ఆ మనిషివైపే వస్తుంది. పక్కనున్న జోడీ చేతిలో ఎంత సత్తువ ఉన్నా దానిని చూపే అవకాశమే రాదు.

ఇటువంటి స్థితి ఒక్క పోటీతో పోయేదైతే దానిని గూర్చి ఇంత ఆలోచించనక్కరలేదు. రెండేళ్లపాటు తెల్లవారకముందే మైదానానికి వచ్చి తలుపు తీయించిన విద్యార్థి క్రమంగా ఆలస్యంగా రావడం, ఆపైన ఏదో ఒక సాకు చెప్పి మానుకోవడం, వచ్చిన రోజున కూడ గడియారం వంక చూడటం మైదానం అంచున నిలబడే మాబోటి ఉపాధ్యాయులకు కొత్త కాదు. అప్పుడు చుట్టూ ఉన్నవారందరూ ఉపదేశకులవుతారు. "ధైర్యంగా ఉండు", "పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు", "ఫలానావాడిని చూడు" అనే మాటలు వానజల్లులా కురుస్తాయి. బోర్లించిన కుండమీద ఎంత వాన కురిస్తే ఏమి లాభం? ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది: ఇంతకు పోయినది ఏమిటి?

అలంకారశాస్త్రం చదివినవారికి ఇక్కడ రెండు మాటలు స్ఫురిస్తాయి. వీరరసానికి స్థాయీభావం కోపం కాదు, ఉత్సాహం. అది కొరవడినచోట ఆయుధాలెన్ని ఉన్నా వీరుడు లేడు. రెండవ మాట నిర్వేదం. భరతుడు ముప్పది మూడు వ్యభిచారిభావాలను లెక్కించినప్పుడు మొదటగా చెప్పినది దీనినే. వ్యభిచారిభావమంటే మనస్సులోనికి వచ్చి, కొంతసేపు సంచరించి వెళ్లిపోయేది. అయితే తరువాతి ఆలంకారికులలో మమ్మటుడు ఇదే నిర్వేదాన్ని శాంతరసానికి స్థాయీభావంగా కూడ గ్రహించాడు. అనగా ఒకే నిర్వేదం ఒకచోట వచ్చిపోయే మబ్బు. మరొకచోట మనిషి నిలకడగా చేరుకొన్న స్థితి. ఆటమీద మనస్సు విరిగిన సహచరుని పక్కన నిలబడవలసిన వానికి అసలైన కష్టం ఇక్కడే ఉన్నది. తన ఎదుట ఉన్నది ఈ రెండింటిలో ఏదో అతనికి వెంటనే తెలియదు. చాలాసార్లు ఆ సహచరునికే తెలియదు. తెలియనంతకాలం తొందరపడి దేనినీ తేల్చకుండా, విడిచిపోకుండా ఉండటమే తోడు నిలవడంలోని మొదటి పాఠం.

ఉత్సాహం పోవడానికి ఓటమి ఒక్కటే కారణమని అనుకోవడం పరిపాటి. గెలుపు కూడ కారణం కావచ్చునంటే నమ్మడం కష్టం. 2008 ఆగస్టులో బీజింగ్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్వర్ణపతకం సాధించి, వ్యక్తిగత విభాగంలో మన దేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణాన్ని తెచ్చిన అభినవ్ బింద్రా, ఆ విజయం తరువాత తనను ఒక శూన్యం ఆవరించిందని బహిరంగంగానే చెప్పాడు. ఏళ్ల తరబడి ఒకే గురిమీద నిలిచిన దృష్టికి ఆ గురి నెరవేరిన మరునాడు చూడటానికి ఏమీ మిగలదు. కొందరి విషయంలో కారణం మనస్సులో కాక శరీరంలో ఉంటుంది. చాలినంత నిద్ర లేకపోవడం, మానని గాయం, రక్తహీనత, విశ్రాంతి ఎరుగని సాధన — ఇవన్నీ బయటికి బద్ధకంలాగే కనిపిస్తాయి. ఇంట్లో ఎవరో పోయిన దుఃఖం, చదువు ఒత్తిడి, డబ్బు ఇబ్బంది సరేసరి. ఇంటర్మీడియట్ చదివే వయస్సులో ప్రవేశపరీక్షల భయం ఒక్కటి చాలు, రాకెట్‌ను అటకెక్కించడానికి.

మరొక కారణం కొంచెం సూక్ష్మమైనది. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డెసీ 1971లో ఒక ప్రయోగాన్ని ప్రకటించాడు. కొందరు కళాశాల విద్యార్థులకు చెక్కముక్కలతో ఆకృతులు కూర్చే ఒక చిక్కు ఆటను ఇచ్చారు. అది దానంతట అదే సరదా గొలిపే ఆట. రెండవ విడతలో ఒక జట్టువారికి మాత్రం పూర్తిచేసిన ప్రతి ఆకృతికి ఒక డాలరు చొప్పున ఇచ్చారు. మూడవ విడతలో ఆ చెల్లింపు ఆపివేశారు. పరిశోధకుడు గదిలో లేని విరామ సమయంలో విద్యార్థులు తమంతట తాము ఎంతసేపు ఆ ముక్కలతో ఆడుకొంటారో చాటునుండి గమనించారు. డబ్బు రుచి చూసినవారు ఆ ఆటకు వెచ్చించిన సమయం మునుపటికంటె తగ్గిపోయింది. వేడుకకోసం చేసే పని ప్రతిఫలంకోసం చేసే పనిగా మారినప్పుడు వేడుక చల్లగా జారుకొంటుందన్నమాట. తరువాతి కాలంలో డెసీ, రిచర్డ్ ర్యాన్ కలిసి ఈ ఆలోచనను ఒక సిద్ధాంతంగా విస్తరించారు. తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, తనవారు ఉన్నారన్న ఊరట — మనిషి ఏ పనినైనా మనసుపెట్టి చేయడానికి ఈ మూడూ కావాలని వారు ప్రతిపాదించారు. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందనో, తండ్రికి తీరని కోరికను తాను తీర్చాలనో ఆడుతున్న పిల్లవానిలో మొదటిది ఎప్పుడో పోయి ఉంటుంది. వానికి "ఇంకా కష్టపడు" అని చెప్పడం గాయాన్ని తోముటవంటిది.

కనుక తోడుగా ఉండదలచినవాడు మొదట అడగాలి, అడిగి ఊరుకోవాలి. సమాధానం ఆరోజే రాకపోవచ్చు. మైదానంలోకంటె ఇంటికి నడిచి వెళ్లే దారిలో, బస్సుకోసం ఎదురుచూసేటప్పుడు ఇటువంటి సంగతులు బయటపడతాయి.

మాట మేలు చేయగలదు, కీడూ చేయగలదు. కీడుచేసే మాటకు మన వాఙ్మయంలో శల్యునికి మించిన ఉదాహరణ లేదు. అశ్వహృదయం ఎరిగినవారిలో శల్యుడు శ్రీకృష్ణునితో సమానుడని పేరు. అందుకే దుర్యోధనుడు అతనిని బతిమాలి కర్ణునికి సారథిగా నియమించాడు. అయితే శల్యుడు అంతకుముందే ధర్మరాజునకు ఒక మాట ఇచ్చి ఉన్నాడు: కర్ణుని తేజస్సును తగ్గిస్తానని. రథం తోలడంలో అతడు లోపం చేయలేదు. గుర్రాలు సరిగానే పరుగెత్తాయి. నాలుక మాత్రం తన పని తాను చేసింది. యుద్ధానికి వెళ్లే దారి పొడుగునా అర్జునుని గొప్పలు చెప్పాడు. ఎంగిళ్లు తిని బలిసిన కాకి హంసలతో పందెం కట్టి సముద్రంమీద ఎగురలేక నీళ్లలో పడిన కథను ఎత్తి చెప్పి, ఆ కాకివి నీవేనన్నాడు. తేజోవధ అని మనం నిత్యం వాడే మాటకు ఇంతకంటె నిండైన నిదర్శనం ఉండదు.

మనలో ఎవరూ శల్యుని వలె పగపట్టి మాట్లాడరు. అయినా జోడీ షటిల్‌ను వలకు కొట్టినప్పుడు పక్కవాడు విడిచే ఒక నిట్టూర్పు, ఆకాశంవైపు చూసే ఒక చూపు, "మళ్లీనా?" అనే ఒక్క మాట — ఇవి కాకి కథకు ఏమాత్రం తీసిపోవు. వేరొకరితో పోల్చడం అన్నిటికంటె చెడ్డది. శల్యుడు ఎన్నుకొన్న ఆయుధం కూడ అదే.

మేలుచేసే మాటకు జాంబవంతుడు ఉన్నాడు. సీతాన్వేషణకు దక్షిణదిక్కుకు వెళ్లిన వానరులు సముద్రతీరంలో నిలిచిపోయారు. ఎవరెంత దూరం దూకగలరని అంగదుడు అడిగితే ఒకడు పది యోజనాలన్నాడు, మరొకడు ఇరవై అన్నాడు. ముసలివాడైన జాంబవంతుడు తొంబై వరకు పోగలనన్నాడు. అంగదుడు నూరు దూకగలడు గాని తిరిగి రాగలనో లేనోనని సందేహించాడు. ఈ లెక్కలన్నీ సాగుతున్నంతసేపు హనుమంతుడు ఒక పక్కన మౌనంగా కూర్చొని ఉన్నాడు. జాంబవంతుడు ఆయన దగ్గరకు పోయి చేసిన ప్రసంగాన్ని మరొకసారి శ్రద్ధగా చదివితే ఒక విశేషం కనిపిస్తుంది. అందులో ప్రధానంగా ఉన్నది ఉపదేశం కాదు, జ్ఞాపకం. పసితనంలో సూర్యుని పండనుకొని ఎగిరిన సంగతి, వజ్రం దెబ్బకు దవడ విరిగిన సంగతి, దేవతలు వరాలిచ్చిన సంగతి — హనుమంతుని కథనే హనుమంతునికి చెప్పాడు. పొగడ్త కాదది, జరిగినది జరిగినట్లు చెప్పడం. పడిన దెబ్బను కూడ దాచకుండా చెప్పడం. ఆ తరువాతనే దూకమని అడిగాడు.

జోడీ ఆటగాడు చేయగల పని ఇటువంటిది. కోచ్‌కు తెలియనివి, తల్లిదండ్రులు చూడనివి అతడు చూశాడు. ఫలానా జిల్లా పోటీలో మూడవ గేమ్‌లో వరుసగా నాలుగు సర్వీసులు ఎలా తిప్పికొట్టాడో, చీలమండ బెణికినప్పుడు ఎన్నాళ్లు ఓపికపట్టాడో చెప్పగలవాడు అతడొక్కడే. "నీవు గొప్పవాడివి" అన్న మాటను మనస్సు నమ్మదు. "ఆరోజు నీవు ఇలా చేశావు, నేను పక్కనే ఉన్నాను" అన్నమాటను కాదనలేదు.

మాటలతో పని కానప్పుడు ఏమి చేయాలి? దీనికి తిక్కన విరాటపర్వంలో చక్కని సమాధానం ఉన్నది. ఉత్తరకుమారుని ప్రగల్భాలు అనే నానుడి అందరికీ తెలిసినదే. అంతఃపురంలో బీరాలు పలికి, కౌరవసేనను కంటితో చూడగానే రథం దిగి పరుగెత్తిన రాకుమారునిగా లోకం అతనిని ఎగతాళి చేస్తూనే ఉన్నది. నవ్వులో పడి మనం బృహన్నల చేసిన పనిని సరిగా గమనించము. ఆ పేడిరూపంలో ఉన్న అర్జునుడు వెంటపడి అతనిని పట్టుకొన్నాడు. తిట్టి యుద్ధానికి తోయలేదు. పొమ్మని విడిచిపెట్టనూ లేదు. నీవు రథం తోలు, యుద్ధం నేను చేస్తానన్నాడు. జమ్మిచెట్టెక్కి ఆయుధాలు దింపించాడు. తానెవరో చెప్పి భయం పోగొట్టాడు. రథికుడుగా వచ్చినవాడు సారథి అయ్యాడు. సారథిగా వచ్చినవాడు రథికుడయ్యాడు. ఆ సాయంకాలం వరకు భీష్మద్రోణుల బాణాలమధ్య గుర్రాలను నడిపినవాడు, ఉదయం పారిపోయిన ఆ ఉత్తరుడే. రణరంగం మారలేదు, మనిషి మారలేదు, అతని చేతికిచ్చిన పని మారింది.

డబుల్స్ ఆటలో ఈ ఉపాయానికి కావలసినంత చోటు ఉన్నది. దాడిచేసేటప్పుడు ఒకరు వెనుక, ఒకరు ముందు నిలబడటం, కాచుకొనేటప్పుడు పక్కపక్కన నిలబడటం బ్యాడ్మింటన్ పద్ధతి. స్మాష్ కొట్టే బాధ్యత భారమైనవానిని కొంతకాలం వలదగ్గర నిలిపి, వెనుకభాగాన్ని రెండవవాడు మోయవచ్చు. సాధనలో పాయింట్లు లెక్కపెట్టకుండా అరగంట ర్యాలీలు ఆడుకోవచ్చు. చిన్నపిల్లలకు ఆట నేర్పే పనిలో ఇద్దరూ కలిసి కూర్చోవచ్చు. వీటిలో దేనికీ పెద్ద మాటలు అవసరం లేదు. అయితే ఒక జాగ్రత్త ఉన్నది. భారం మోస్తున్నానని మోసేవాడు పదిమందిలో చెప్పుకొంటే ఉపకారం కాస్తా అప్పుగా మారుతుంది. గెలిచిన తరువాత ఆ గెలుపు నీదేనని చెప్పుకొమ్మని అర్జునుడు ఉత్తరునితో అన్నాడన్నది మరువరాదు. ఉత్తరుడు అలా చెప్పుకొనలేదు. గెలిచినది ఒక దేవకుమారుడని తండ్రికి చెప్పాడు. ఉదయం నుండి సాయంకాలానికి అతడు ఎంత ఎదిగాడో ఆ జవాబే చెబుతుంది.

మన కాలపు జంటలలో అమలాపురానికి చెందిన సాత్విక్ సాయిరాజ్, ముంబయికి చెందిన చిరాగ్ శెట్టిల సంగతి చూడవచ్చు. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో మలేసియాకు చెందిన ఆరోన్ చియా, సో వూయి యిక్ జంటపై మొదటి గేమ్ గెలిచి కూడ ఓడిపోయారు. 2025 ఫిబ్రవరిలో సాత్విక్ తండ్రి మరణించాడు. మార్చిలో ఆల్ ఇంగ్లండ్ పోటీలో చిరాగ్ నడుమునొప్పితో ఆట మధ్యలోనే ఇద్దరూ తప్పుకోవలసివచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో, అదే పారిస్ నగరంలో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. క్వార్టర్ ఫైనల్లో ఎదురుపడినది అదే మలేసియా జంట. ఈసారి వరుస గేమ్‌లలో గెలిచి కాంస్యపతకం ఖాయం చేసుకొన్నారు. ఆ ఏడాదికాలంలో వారిద్దరూ ఒకరికొకరు ఏమి చెప్పుకొన్నారో మనకు అనవసరం. ఒకరు దుఃఖంలోను, ఒకరు నొప్పిలోను ఉన్నప్పుడు జంట విడిపోలేదన్నది మనకు కనిపించే సత్యం.

తోడు అన్నది మైదానంలోనే ఉండనక్కరలేదు. కృష్ణాజిల్లాకు చెందిన కోనేరు హంపి 2002లో 15వ ఏట గ్రాండ్‌మాస్టర్ అయింది. వివాహం, ప్రసవం తరువాత దాదాపు రెండేళ్లు పోటీలకు దూరంగా ఉండి, 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చదరంగం విజేతగా నిలిచింది. 2024లో ఫలితాలు ఆశించినట్లు రాక ఆట విరమించుకొందామా అన్న ఆలోచన కూడ తనకు వచ్చిందని, ఆ డిసెంబరులో న్యూయార్క్‌లో రెండవసారి అదే బిరుదు గెలిచిన తరువాత ఆమె చెప్పింది. భర్త, తల్లిదండ్రుల అండవల్లనే అది సాధ్యమైందని, తాను ప్రయాణాలలో ఉన్నప్పుడు కుమార్తెను తల్లిదండ్రులు చూసుకొంటారని కూడ చెప్పింది. గమనించండి: ఇక్కడ అండ అంటే బిడ్డకు వేళకు అన్నం పెట్టడం. చదరంగపుటెత్తులలో ఆమెకు సలహా ఇవ్వగలవారు లోకంలో కొద్దిమందే ఉంటారు. ఆమె ఇంటి దిగులు తగ్గించగలవారు ఇంట్లోనే ఉన్నారు.

ఇక, తప్పుకోవడం గూర్చి. కొంతకాలం ఆట ఆపుతానని జోడీ అంటే దానిని ద్రోహంగా భావించేవారు ఉన్నారు. భారతం వనపర్వంలో సాళ్వునితో జరిగిన యుద్ధంలో ప్రద్యుమ్నుడు దెబ్బతిని మూర్ఛపోగా, అతని సారథియైన దారుకుని కుమారుడు రథాన్ని రణభూమినుండి పక్కకు తొలగించాడు. తెలివివచ్చిన ప్రద్యుమ్నుడు సిగ్గుతో, కోపంతో అతనిని నిందించాడు. స్పృహతప్పిన రథికుని కాపాడటం సారథి ధర్మమని అతడు శాంతంగా బదులు చెప్పాడు. రథం తిరిగి రణానికి మళ్లింది. ఆ పూట ప్రద్యుమ్నుడు సాళ్వుని ఓడించి తరిమాడు. సమయానికి రథం మళ్లించడం కూడ సారథ్యంలో భాగమే. ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. మిత్రునికి ఆటమీదనే కాక తిండిమీద, నిద్రమీద, స్నేహితులమీద, బ్రతుకుమీద కూడ ఆసక్తి పోయినట్లు కనిపిస్తే అది జోడీ ఒక్కడే మోయదగిన బరువు కాదు. ఇంటి పెద్దలకో, నమ్మకమున్న అధ్యాపకునికో, వైద్యునికో చెప్పాలి. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. రహస్యం బయటపెట్టాడని మిత్రుడు కొన్నాళ్లు అలిగితే అలగనిండు. ప్రద్యుమ్నుడు కూడ మొదట అలిగాడు.

జోడీని ఎలా నిలుపుకోవాలో, ఎలా సాగనంపాలో రెండూ తెలిపే కథ ఒకటి ఆస్ట్రేలియాలో ఉన్నది. యాష్లీ బార్టీ 2011లో 15 ఏళ్ల వయస్సులో వింబుల్డన్ బాలికల విజేత అయింది. 2013లో తనకంటె పదకొండేళ్లు పెద్దదైన కేసీ డెలాక్వాతో జంటకట్టి ఒకే సంవత్సరంలో ఆస్ట్రేలియన్ ఓపెన్, వింబుల్డన్, యు.ఎస్. ఓపెన్ డబుల్స్ మూడింటిలోను ఫైనల్ వరకు వెళ్లింది, మూడింటిలోను ఓడింది. 2014 యు.ఎస్. ఓపెన్ తరువాత, 18 ఏళ్లు నిండిన ఆ అమ్మాయి టెన్నిస్ మానివేసింది. ఇంటికి దూరంగా ఎడతెగని ప్రయాణాలు, చిన్ననాటనే మీదపడిన ఆశల బరువు ఆమెను అలసిపోజేశాయి. ఆమె బ్యాట్ పట్టి, 2015-16లో మహిళల బిగ్ బాష్ లీగ్‌లో బ్రిస్బేన్ హీట్ జట్టు తరఫున క్రికెట్ ఆడింది. టెన్నిస్‌లో అంత ప్రతిభ గలవారు మరొక ఆటకు వెళ్లిపోతే మన దగ్గరైతే ఎంతమంది ఎన్ని మాటలనేవారో ఊహించుకోవచ్చు.

ఆ క్రికెట్ రోజులలోనే ఒకసారి జట్టుతో సిడ్నీకి వెళ్లినప్పుడు, అక్కడ టెన్నిస్ పోటీకి వచ్చిన డెలాక్వాను ఆమె కలిసింది. ఇద్దరూ కోర్టులో దిగి సరదాగా కొంతసేపు బంతులు కొట్టుకొన్నారు. పోటీ లేదు, స్కోరు లేదు. ఆటమీద మళ్లీ మనసు పోవడానికి ఆ కలయిక కారణమైందని బార్టీయే తరువాత చెప్పింది. 2016 ఫిబ్రవరిలో ఆమె తిరిగి రాకెట్ పట్టినది కూడ ఒక చిన్న పోటీలో, డబుల్స్‌లోనే. 2017లో ఆ పాత జంట ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్‌కు వెళ్లి మళ్లీ ఓడిపోయింది. నాలుగు ఫైనల్స్, నాలుగు ఓటములు. పతకాల లెక్కనుబట్టి చూస్తే ఇది విఫలమైన జంట. 2018లో డెలాక్వా ఆటనుండి విరమించుకొన్నది. 2019లో బార్టీ ఫ్రెంచ్ ఓపెన్ సింగిల్స్ గెలిచి ప్రపంచంలో మొదటి స్థానానికి చేరింది. 2021లో వింబుల్డన్ గెలిచింది. 2022 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచి, 44 సంవత్సరాల తరువాత ఆ బిరుదు సొంతగడ్డకు దక్కేలా చేసింది.

రెండు నెలలైనా గడవకముందే, 2022 మార్చి 23న, 25 ఏళ్ల వయస్సులో, మొదటి స్థానంలో ఉండగానే ఆమె టెన్నిస్‌కు స్వస్తి చెప్పింది. ఇవ్వగలిగినదంతా ఇచ్చివేశానని, ఇకపై తనలో ఆ ప్రేరణ లేదని నిండుమనస్సుతో తెలిపింది. 2014 నాటి నిర్వేదం వేరు, ఇది వేరు. ఆ ప్రకటన చేయడానికి ఆమె పత్రికల సమావేశాన్ని ఎన్నుకొనలేదు. ఒక మిత్రురాలితో జరిపిన సంభాషణను చిత్రించి లోకానికి విడుదల చేసింది. ఆ చిత్రంలో ఆమెను ప్రశ్నలడిగినది, ఎదురుగా కూర్చొని విన్నది కేసీ డెలాక్వా.